భవన నిధి నుంచి వాడుకున్న సొమ్ము: సంఘానికి ఎలా చెప్పాలి, ఎలా పూడ్చాలి?

కొత్త కోశాధికారి (చర్చ ప్రారంభం)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో, దాదాపు 140 కుటుంబాలున్న మా స్వతంత్ర క్రైస్తవ సంఘానికి ఈ జూన్‌లో నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఎరువుల దుకాణంలో గుమస్తాగా పనిచేస్తున్నాను కనుక చిట్టా, ఆవర్జా నాకు కొత్త కాదు. అయినా పుస్తకాలు అందుకున్న మూడో వారానికే నిద్ర పట్టని పరిస్థితి వచ్చింది.

విషయం ఇది. భవన నిధి పేరుతో సభ్యులు ఇచ్చిన సొమ్ము పుస్తకాల ప్రకారం 11,40,000 రూపాయలు ఉండాలి. బ్యాంకులో ఉన్నది 6,85,000 మాత్రమే. తేడా 4,55,000. ఒక్క రూపాయి కూడా ఎవరి జేబులోకీ పోలేదని ముందే చెప్పాలి, ఎందుకంటే నాకు ముందు పద్దెనిమిదేళ్లు ఈ బాధ్యత మోసిన పెద్దాయన ప్రతి ఖర్చుకూ వోచరు కట్టి దారం గుచ్చి పెట్టారు. ఆ సొమ్ములో 1,95,000 కొత్త మైకుసెట్టుకు, ఎల్‌ఈడీ తెరకు వెళ్లింది. మిగిలిన 2,60,000 గత మూడేళ్లలో జీతాలకు, కరెంటు బిల్లులకు చాలని నెలల్లో "తరువాత సర్దుదాం" అనుకుంటూ కొద్దికొద్దిగా తీసినది. ఆ తరువాత అనేది రాలేదు.

మా నెల ఖర్చు 87,000. అందులో అయ్యగారి (సంఘ కాపరి) జీతం 28,000, ఆయన ఇంటి అద్దె 9,000, రెండు పల్లెల్లో ప్రార్థనలు నడిపే ఉపదేశులిద్దరికీ కలిపి 14,000, వాచ్‌మన్‌కు 8,000, కరెంటుకు 7,000, పేదల సహాయానికి 6,000, మిగిలిన 15,000 చిల్లర ఖర్చులు. సంచి కానుకలు, కవర్లలో వచ్చే దశమభాగాలు (సంపాదనలో పదో వంతు) కలిపి మామూలు నెలల్లో 90,000 వరకు వస్తుంది. జూన్ నుంచి అక్టోబరు వరకు మాత్రం 70,000 దగ్గరే ఆగిపోతుంది. నవంబరులో కోతకాల పండుగ, డిసెంబరులో క్రిస్మస్ వల్ల రాబడి లక్షన్నర దాటుతుంది గాని, ఆ పెరిగినదంతా క్రిస్మస్ విందుకు, బట్టల పంపకానికి, సంక్రాంతి తరువాత పెట్టే ఉజ్జీవ సభలకు సరిపోతుంది.

కమిటీలో ఇద్దరు పెద్దలు డిసెంబరు దాకా ఈ మాట బయటపెట్టవద్దని, పెడితే కానుకలు పడిపోతాయని అంటున్నారు. నాకు ఆ సలహా మింగుడు పడటం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

విశ్రాంత బ్యాంకరు

సోదరా, మీరు ఇచ్చిన అంకెలను కాగితం మీద వేసి చూశాను. ఐదు నెలలపాటు నెలకు 17,000 లోటు అంటే ఏడాదికి 85,000, మూడేళ్లకు 2,55,000. మీరు చెప్పిన 2,60,000కు ఇది దాదాపు సరిపోయింది. కాబట్టి మీ సంఘంలో దొంగ లేడు, జూన్ నెల ఉంది. బడి ఫీజులు, విత్తనాలు, ఎరువులు అన్నీ ఒకేసారి మీద పడే రోజుల్లో కూలీనాలీ చేసుకునే కుటుంబాలు కవరులో పెట్టే మొత్తం తగ్గడం సహజం. మీ దుకాణంలో అప్పు ఖాతాలు ఏ నెలలో పెరుగుతాయో చూస్తే సంఘం రాబడి ఏ నెలలో తగ్గుతుందో అదే చెబుతుంది.

అందువల్ల అసలు మందు ఎక్కువ కానుకల కోసం ఒత్తిడి చేయడంలో లేదు, డిసెంబరు రాబడి నుంచి విందుకూ సభలకూ ముందే 85,000 తీసి విడిగా పెట్టడంలో ఉంది. డెల్టా రైతుకు ఇది చెప్పనక్కరలేదు. కోతలప్పుడు గాదెలో పోసుకున్న గింజలే శ్రావణ భాద్రపదాల్లో అన్నమవుతాయి. నిలదొక్కుకున్న తరువాత మూడు నెలల ఖర్చును, అంటే మీ లెక్కన సుమారు 2,61,000 రూపాయలను, ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచుకోగలిగితే ఇక ఏ నిధిలోనూ చెయ్యి పెట్టవలసిన పని ఉండదు.

ఎల్‌ఈడీ తెర సంగతి వేరు. ఎవరూ బడ్జెట్ వేయకుండా, సర్వసభ్య సమావేశంలో అడగకుండా కొన్న వస్తువు అది. దానిని జూన్ లోటుతో కలిపి ఒకే మొత్తంగా చెప్పవద్దు, కలిపితే ప్రజలకు రెండూ ఒకే తప్పుగా కనిపిస్తాయి.

ఇప్పటికిప్పుడు చేయవలసినది భవన నిధికి వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ఉన్న 6,85,000 అందులోకి మార్చి, కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలు లేనిదే చెక్కు చెల్లని ఏర్పాటు చేయడం. ఒకే ఖాతాలో అన్ని నిధులూ ఉన్నంతకాలం పుస్తకంలో ఎన్ని గీతలు గీసినా బ్యాంకులో కనిపించే ఒకే అంకె మనిషిని మోసం చేస్తుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు దేవాలయ కమిటీలు, మసీదు కమిటీలు, సంఘాలు, అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘాలు అన్నీ ఈ గోతిలోనే పడటం చూశాను.

పాతచర్చి పెద్ద

చర్చ చదివాను. నేను నలభై ఏళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను కనుక కొంచెం భిన్నంగా చెప్పవలసి వస్తోంది. సంఘం కంపెనీ కాదు. బైబిలులోని రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయంలో యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయించినప్పుడు, పనివారికి సొమ్ము పంచిన వారు నమ్మకస్థులు కనుక వారిని లెక్క అడగలేదని స్పష్టంగా రాసి ఉంది. పద్దెనిమిదేళ్లు నమ్మకంగా సేవ చేసిన పెద్దాయనను ఇప్పుడు సంఘం నడుమ నిలబెట్టి 4,55,000 ఏమైందని అడిగితే, రేపు ఆ బాధ్యత తీసుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? పల్లెల్లో పరువు పోయిన మనిషి మళ్లీ గుడిలో అడుగుపెట్టడు. డిసెంబరు దాకా ఆగమని చెప్పిన పెద్దల మాటలో కూడా కొంత వివేకం ఉంది.

మహిళా సమాజం ఖాతా పుస్తకం

పెద్దలకు వందనాలు. మీరు చెప్పిన అధ్యాయాన్నే మా సమాజంలో చదువుకున్నాం కనుక గౌరవంతోనే ఒక మాట అడుగుతాను. ఆ వాక్యం 15వది. దానికి ముందు ఉన్న సంగతిని కూడా చూడాలి కదా? మందిరం బాగుచేయడానికని ఇచ్చిన సొమ్ము యాజకుల చేతికి వెళ్లేది, కాని యోవాషు ఏలుబడిలో ఇరవై మూడో సంవత్సరం వచ్చినా మందిరం బాగుపడలేదు. అప్పుడే యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం వేసి, బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టె నిండినప్పుడల్లా రాజుగారి లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. ఒకరు రాజు మనిషి, ఒకరు మందిరం మనిషి. లెక్క అడగలేదన్న మాట ఆ తరువాత పనివారి దగ్గరికి వెళ్లిన సొమ్ము గురించి. ఈ సోదరుడి సంఘంలో జరిగింది మొదటి భాగం, మనం రెండో భాగంతో దానికి సమాధానం చెబుతున్నాం.

మా సమాజంలో నలభై రెండు మంది స్త్రీలం. అందరిలో సగం మంది పొలం పనికి వెళ్లేవాళ్లమే. పూటపూటా అన్నానికి ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తాం, వారం చివర ప్రార్థన కూటానికి తెచ్చి కొలిచి అమ్ముతాం. నెలలో మొదటి గురువారం ఎన్ని కిలోలు వచ్చాయో, ఎంతకు అమ్మామో, ఎవరి వైద్యానికి ఎంత ఇచ్చామో పుస్తకం తెరిచి బిగ్గరగా చదువుతాం. చదువు రానివాళ్లు మాలో పదిహేను మంది ఉన్నారు, వారికి నోటీసు బోర్డు వల్ల ఉపయోగం లేదు. లెక్క చదివినందుకు ఇంతవరకు మాలో ఎవరి పరువూ పోలేదు, చదవని నెల ఏదైనా ఉంటే మాత్రం గుసగుసలు మొదలవుతాయి.

పాతచర్చి పెద్ద

అమ్మా, 15వ వాక్యం ఒక్కటే పట్టుకున్న మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. పెద్దాయన పరువు గురించి నా మనవి మాత్రం అలాగే ఉంచండి.

మన్యం కాపరి

కోశాధికారి సోదరుడికి, పెద్దలకు వందనాలు. ఖమ్మం జిల్లా అటవీ ప్రాంతంలో పందొమ్మిదేళ్లుగా కాపరిగా ఉన్నాను. మా ప్రాంతానికి పిడికెడు బియ్యం కొత్త సంగతి కాదు. 1912లో దోర్నకల్‌కు బిషప్‌గా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. విదేశీ మిషను సొమ్ము మీద ఆధారపడిన సంఘం తన కాళ్ల మీద నిలబడలేదని ఆయన నమ్మాడు. పూట గడవని కుటుంబాలు కూడా ధాన్యమో, కోడిపిల్లో, గుడ్లో తెచ్చి ఇవ్వడం ఆ ప్రాంతపు సంఘాలకు అలవాటైంది. ఆయన తిరునెల్వేలి నుంచి వచ్చింది కూడా 1903లో అక్కడి భారతీయ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఏర్పరచుకున్న మిషనరీ సంఘం తరఫునే అన్నది ఈ చర్చలో గుర్తుచేసుకోదగిన విషయం.

ఇక నా వైపు నుంచి ఒక సంగతి. సొమ్ము చాలని నెలలో మొదట ఆగేది కాపరి జీతమే అయినా ఆయన బయటకు చెప్పలేడు. మీ కమిటీ భవన నిధి నుంచి తీసి మరీ జీతం ఇచ్చింది అంటే వారి మనసు మంచిదే. కాని ఆ సంగతి అయ్యగారికి తెలిసి ఉంటే, కనీసం విందు తగ్గించమనో తెర కొనవద్దనో అడిగి ఉండేవారేమో. నా సంఘంలో నేను సంచి తెరవను, లెక్కపెట్టే గదిలోకి వెళ్లను, చెక్కు మీద సంతకం చేయను. నెలనెలా మొత్తం రాబడి ఎంత, ఖర్చు ఎంత అన్న కాగితం మాత్రం తప్పక అడిగి తీసుకుంటాను. ఎవరి కవరులో ఎంత ఉందో తెలిస్తే మనుషుల ఇళ్లకు వెళ్లేటప్పుడు నా కాళ్లు ఎటు నడుస్తాయో నాకే నమ్మకం లేదు.

ఆడిట్ లెక్కలు

నేను చార్టర్డ్ అకౌంటెంటును, కొన్ని సంఘాల లెక్కలు చూస్తుంటాను. చట్టం వైపు నుంచి చెప్పవలసినవి ఉన్నాయి. పాత 1961 చట్టం స్థానంలో 2025 నాటి ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి కనుక సంఖ్యలు ఉదహరించను, మీ ఆడిటరుతో సరిచూసుకోండి.

భవనం కోసమే వాడాలని దాత రాతపూర్వకంగా చెప్పి ఇచ్చిన సొమ్మును మూలధన విరాళంగా చూపే వీలుంది. అలా చూపిన సొమ్మును చట్టం అనుమతించిన డిపాజిట్లలో ఉంచాలి. దానిని వేరే పనికి వాడితే ఆ ఖర్చు పన్ను మినహాయింపుకు చూసే ధార్మిక వినియోగం కింద లెక్కలోకి రాదు. తిరిగి జమచేస్తే, జమచేసిన సంవత్సరంలో వినియోగంగా చూపే అవకాశం పాత చట్టంలో ఉండేది, వాడిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపే జమచేయాలన్న గడువును 2023 సవరణ పెట్టింది. కనుక మీరు ఎంత త్వరగా పూడిస్తే అంత మంచిది. దాతలు రసీదు మీద 'భవన నిధికి' అని రాయించుకున్నారా లేదా అన్నది మొదట చూడండి, మీ ప్రశ్నలో సగం అక్కడే తేలిపోతుంది.

నగదు గురించి చాలా సంఘాలు పొరపాటు చేస్తాయి. ఒక వ్యక్తికి ఒక రోజులో 10,000 మించి నగదుగా చెల్లించిన ఖర్చు పన్ను మినహాయింపు లెక్కలో చెల్లదు. పందిరి వాడికీ సౌండు వాడికీ కట్టలు కట్టి ఇచ్చే అలవాటు మానుకోవాలి. సంచిలో పేరు లేకుండా పడే కానుకల గురించి భయపడనక్కరలేదు, పేరు తెలియని విరాళాల మీద వేసే 30 శాతం పన్ను పూర్తిగా మతపరమైన సంస్థలకు వర్తించదు. అయితే సంఘం బడి కూడా నడుపుతుంటే, ఆ బడికని పేరు లేకుండా వచ్చిన విరాళం సంగతి వేరు. ఇంకొకటి, ఒక మతసమాజం కోసమే ఉన్న సంస్థకు ఇచ్చిన విరాళానికి దాతకు పన్ను రాయితీ రాదు. "రసీదు ఇస్తాం, పన్ను తగ్గుతుంది" అని వేదిక మీద ప్రకటించడం తప్పు.

డల్లాస్ తెలుగు

మా ఊరి సంఘం కోసం ఇక్కడి నుంచి మేం నలుగురం ఏటా కొంత పంపుతుంటాం. గత ఏడాది నేను అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. అప్పటి నుంచి నాన్నగారి ఖాతాకు పంపితే ఆయన సంఘానికి ఇస్తున్నారు. దీనిలో ఇబ్బంది ఏమైనా ఉందా? ఇక్కడ మేం వెళ్లే తెలుగు సంఘంలో వారపు పత్రికలో ఈ వారం కావలసినది ఇంత, వచ్చినది ఇంత అని పక్కపక్కనే అచ్చువేస్తారు. మొదట్లో కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది, ఇప్పుడు ఆ రెండంకెలు లేకపోతే పత్రిక ఖాళీగా కనిపిస్తుంది. సర్వసభ్య సమావేశం బడ్జెట్ ఆమోదించనిదే కమిటీ పెద్ద వస్తువేదీ కొనకూడదన్న నియమం కూడా ఉంది.

ఆడిట్ లెక్కలు

ఇబ్బంది ఉంది. మీరు భారత పౌరుడిగా ఉన్నంతకాలం, మీ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారిన రోజు నుంచి, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీరు ఇచ్చేది విదేశీ విరాళమే. నాన్నగారి చేతి మీదుగా వెళ్లినా దాని స్వభావం మారదని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టమే చెబుతోంది. ఆ చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉన్న సంస్థ మాత్రమే అటువంటి సొమ్ము తీసుకోవాలి. 2020 సవరణ తరువాత అది మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. మీ ప్రేమను ఊరి సంఘం చిక్కుల్లో పడేలా పంపవద్దు. నాన్నగారి అవసరాలకు మీరు పంపేది వేరు, ఆయన తన పింఛనులోంచో పొలం కౌలులోంచో సంఘానికి ఇచ్చేది వేరు, ఆ రెంటినీ కలపకుండా ఉంచండి.

క్వయర్ తమ్ముడు

పెద్దల మధ్య చిన్నవాడిని, ఒక్క సంగతి చెబుతాను. 2020 మార్చి చివరలో లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూసినప్పుడు మా సంఘంలో ఎవరో కాపరిగారి సొంత ఫోను నంబరుతో క్యూఆర్ కోడ్ తయారుచేసి వాట్సాప్‌లో పెట్టారు. జూన్‌లో తలుపులు తెరిచాక కూడా అదే కోడ్‌ను లామినేషన్ చేయించి గోడకు అంటించారు. రెండేళ్ల తరువాత అయ్యగారు గృహరుణానికి దరఖాస్తు చేసినప్పుడు, మీ ఖాతాలోకి వచ్చే ఈ చిన్నచిన్న మొత్తాలన్నీ ఏమిటని బ్యాంకువారు అడిగారు. ఆయన ప్రతి రూపాయీ కోశాధికారికి అప్పగించినా, కాగితం మీద అదంతా ఆయన రాబడిలాగే కనిపించింది. గోడ మీది కోడ్ ఎవరి ఖాతాకు వెళ్తుందో ఈ ఆదివారమే ఒక్క రూపాయి పంపి చూసుకోవాలని చదివేవారందరికీ మనవి.

విశ్రాంత బ్యాంకరు

తమ్ముడు చెప్పినది బంగారు మాట. దానికి తోడు, ఆదివారం సంచి లెక్కపెట్టేటప్పుడు ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కూర్చుని, ఏ నోట్లు ఎన్ని వచ్చాయో పుస్తకంలో రాసి, అక్కడే సంతకాలు చేసి, సోమవారం ఉదయం మొత్తం బ్యాంకులో కట్టాలి. ఆ సొమ్ములోంచే పూలవాడికో ఆటోవాడికో ఇచ్చి మిగిలినది కట్టే పద్ధతి ఉంటే దానిని ఆపండి. చిల్లర ఖర్చుకు విడిగా ఐదారు వేలు ఉంచుకుంటే చాలు. పాతచర్చి పెద్దగారు పరువు గురించి అన్నది కూడా నిజమే. అందుకే ఇలాంటి ఏర్పాటు కావాలి, రేపు ఎవరైనా వేలు చూపితే ఆ రెండు సంతకాలే కోశాధికారిని కాపాడతాయి.

కొత్త కోశాధికారి (ఐదు వారాల తరువాత)

మీ అందరికీ జరిగింది చెప్పవలసిన బాధ్యత ఉంది. ముందుగా పాత కోశాధికారిగారి ఇంటికి వెళ్లి రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన ఒక్కటే కోరారు, ఆ కాగితం తానే చదువుతానని. గత ఆదివారం ఆరాధన తరువాత ఆయన లేచి, తెరకు అయిన 1,95,000, లోటుకు వాడిన 2,60,000 వేర్వేరుగా చదివి, ఏ నెలలో ఎంత తీశారో కూడా చెప్పారు. నేను ఎదురుచూసిన గొడవ జరగలేదు. వెనుక వరుసలోంచి ఒక పెద్దావిడ "ఇంత చాలకపోతే జూన్‌లోనే అడగవచ్చు కదా, మేం రెండు రోజుల కూలి ఇచ్చేవాళ్లం" అన్నారు. ఆ మాటకు కమిటీలో ఎవరి దగ్గరా జవాబు లేదు. మహిళా సమాజం సోదరి చెప్పినట్టు చదవడం వల్లనే ఆవిడకు లెక్క తెలిసింది, బోర్డు మీద అంటిస్తే తెలిసేది కాదు.

తీర్మానాలు ఇవి. కమిటీ సభ్యులు పదకొండు మంది కలిసి తెర ఖర్చులో లక్ష రూపాయలు సొంతంగా భరిస్తామన్నారు. మిగిలిన 3,55,000 నెలకు 10,000 చొప్పున మూడేళ్లలో తిరిగి జమచేయాలని నిర్ణయించాం, ఇప్పటివరకు కవరు తీసుకోని ముప్పైకి పైగా కుటుంబాలు ఇందుకోసం కవర్లు తీసుకున్నాయి. ఉజ్జీవ సభలు మూడు రాత్రుల నుంచి రెండు రాత్రులకు తగ్గాయి, యువకులు కొంచెం అలిగారు. డిసెంబరు రాబడి నుంచి విందుకు ముందే 85,000 పక్కన పెట్టాలన్నది ఏ చర్చా లేకుండా ఆమోదం పొందింది. రసీదులు వెతికితే 'భవన నిధికి' అని రాసినవి మూడొంతుల్లో రెండొంతులున్నాయి, వాటి జాబితా మా ఆడిటరుకు ఇచ్చాను. రెండు ఖాతాలు తెరిచాం.

ఇంకొక చిక్కు మిగిలింది. కోతకాల పండుగకు సభ్యులు తెచ్చిన గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు ఆరాధన తరువాత వేలం వేస్తాం. పోటీ మీద ఒక గుమ్మడికాయ 2,000 దాకా పోతుంది. పాట పాడినవారిలో కొందరు ఆ సొమ్ము ఇప్పటికీ ఇవ్వలేదు, మూడేళ్ల వేలం బాకీలు 38,000 ఉన్నాయి. పేర్లు గోడకు అంటించాలని యువకులు అంటున్నారు. మీరేమంటారు?

మహిళా సమాజం ఖాతా పుస్తకం

అన్నయ్యగారూ, గోడకు అంటించవద్దు. ఆ రోజు సంతోషంలో పాడిన పాట అది, మరుసటి వారం ఇంట్లో జ్వరమో పంట నష్టమో వచ్చి ఉండవచ్చు. పాత కోశాధికారిగారిని వెంటబెట్టుకుని ఒక్కొక్క ఇంటికి వెళ్లండి, ఇవ్వగలిగినవారు ఇస్తారు, ఇవ్వలేనివారి పద్దును కమిటీ తీర్మానంతో కొట్టేయండి. ఈ నవంబరు నుంచి పాట పాడినవారు సొమ్ము ఇచ్చాకే గుమ్మడికాయ చేతికివ్వండి.